కొంగు చాటు నోరు

యోగలక్ష్మి గెలిచిన జగడాలు ఊళ్ళో చాలామందికి తెలుసు. తిమ్మమ్మ దగ్గరుండి చూసింది మాత్రం వాల్వు గుంత దగ్గర జరిగినది.

ధర్మపురి జిల్లాలో ఇండూరు దాటాక బస్సు దిగి మైలున్నర నడిస్తే వచ్చే చిన్న పల్లె వాళ్ళది. నాలుగే వీధులు. కావేరి నీళ్ళు గొట్టాల్లో వస్తాయని ఏళ్ళ తరబడి ఊరించి, చివరికి ఒక తొట్టి కట్టి, వీధివీధికీ కొళాయి పెట్టారు. మూడు వీధుల్లో నీళ్ళు వచ్చాయి. తెలుగువాళ్ళ వీధిలో కావేరి వంతుకి గాలి వచ్చింది. వాల్వు తిప్పే వీరన్‌ను అడిగితే, మీ వీధి మిట్ట, కావేరి నీళ్ళు ఎక్కవు, ఎప్పటిలా బోరు నీళ్ళే తాగండి అన్నాడు. అందరూ తలాడించి ఇళ్ళకు పోయారు. మిట్ట అంటే మిట్టే కదా అనుకున్నారు. తెల్లచొక్కా వేసుకున్నవాడు ఏం చెప్పినా నమ్మడం ఆ వీధికి తాతల నాటి నుంచీ ఉన్న రోగం.

యోగలక్ష్మి నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే పోయి వాల్వు గుంత మూత మీద కాళ్ళు బార్లా చాపుకొని కూర్చుంది. ఆమె కోడలు రంజనికి అప్పుడు మూడో నెల. తిమ్మమ్మ ఆమెకు తోడికోడలు, వయసులో పన్నెండేళ్ళు పెద్దది. ఏం గొడవ చేస్తుందో అని వెనకే పోయింది. ఆపడానికి కాదు, చూడడానికి.

వీరన్ వచ్చి లెమ్మన్నాడు. ఆమె లేవలేదు. బోరు నీళ్ళు మా వీధికి ఏ గొట్టంలో వస్తున్నాయని అరవంలో అడిగింది. ఇదే గొట్టం అన్నాడు వాడు. బోరు నీళ్ళకి ఎక్కే మిట్ట కావేరి నీళ్ళకి ఎందుకు ఎక్కదు, కావేరమ్మకి మోకాళ్ళ నొప్పులా అంది. చుట్టూ చేరిన జనం నవ్వారు. ఆ వాల్వు తిప్పితే వాడు ఇంకో గంట అక్కడే పడి ఉండాలి, అదీ అసలు సంగతి. అది బయటపడేసరికి వాడికి రోషం వచ్చింది.

"ముందు నోటికి అడ్డం పెట్టిన కొంగు తీసి మాట్లాడు. నువ్వనేది ఒక్క ముక్క అర్థమయ్యి చావదు" అన్నాడు.

ఆ మాట ఎక్కడ తగిలిందో ఆ గుంపులో తిమ్మమ్మ ఒక్కదానికే తెలుసు. యోగలక్ష్మి కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి, వాడు పక్కనే ఆపిన బండికి కట్టుకున్న నీళ్ళ క్యాను విప్పింది. తను తెచ్చుకున్న బోరు నీళ్ళ చెంబు వాడి ముందు పెట్టింది.

"ఇది నువ్వు తాగు. నీ క్యాను నీళ్ళు నా కోడలు తాగుతుంది. నీ బిడ్డలకి ఏ నీళ్ళు పోస్తావో, నా కోడలి కడుపులో ఉండే బిడ్డకీ అవే. సరే అంటే నేను లేస్తాను."

వాడు చెంబు వంక చూశాడు, జనం వంక చూశాడు. చెంబు ముట్టుకోలేదు. వాల్వు తిప్పాడు. ఆ రోజు నుంచి దినం మార్చి దినం, గంటసేపు, ఆ వీధికి కావేరి నీళ్ళు వచ్చాయి. గెలిచి ఇంటికి పోయేటప్పుడు కూడా యోగలక్ష్మి నోటి మీద నుంచి కొంగు వేలెడంత జరగలేదు.

ఊరంతా ఆమె నోటికి భయపడింది. ఆ నోట్లో ఏముందో చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఏముంది, గార పళ్ళు ఉన్నాయి. ఆ జిల్లాలో బావినీళ్ళు తాగి పెరిగిన ఇంటింటా ఉన్నవే. యోగలక్ష్మి పుట్టినూరు మొరప్పూర్ దగ్గర. వాళ్ళింటి వెనక బావి ఉండేది. ఆ నీళ్ళు తాగడానికి తియ్యగానే ఉంటాయి. చెరుపు చేసే నీళ్ళకి రుచి ఏమీ తగ్గదు. పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చేసరికి వాటి మీద పసుపు చారలు, పెరిగేకొద్దీ గోధుమ రంగు మచ్చలు, అక్కడక్కడ గుంతలు. వాళ్ళమ్మ ఇటుకపొడితో తోమించింది, ఉప్పుతో తోమించింది, చింతపండుతో రుద్దించింది. చిగుళ్ళు పగిలి నెత్తురు వచ్చింది గానీ రంగు పోలేదు. మురికైతే పోతుంది. ఎముకలో ఎక్కినదాన్ని ఏ ఇటుక తీస్తుంది?

పదిహేడేళ్ళకి మొదటిసారి పెళ్ళిచూపులు. వచ్చినవాళ్ళలో ఒక ముసలామె పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది. జడ చూసింది, నడక చూసింది, ఒక పాట పాడమంది. చివరికి గడ్డం పట్టుకొని ఒకసారి నవ్వు తల్లీ అంది. పిల్ల నవ్వింది. వాళ్ళు కాఫీ తాగారు, మళ్ళీ కబురు చేస్తామన్నారు, పోయారు. ఆ పిల్ల వంశంలో ఏదో ఉందని మూడూళ్ళ అవతల చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. చెప్పుకున్నవాళ్ళ నోళ్ళలో ఏం ముత్యాలున్నాయో ఎవరూ అడగలేదు.

రెండోసారి వాళ్ళమ్మ తెలివి ఉపయోగించింది. పెళ్ళికాని పిల్లలు ఆకువక్క వేస్తే నాలుక మొద్దుబారి చదువు రాదని చెప్పి దగ్గరికి రానీయని ఇల్లు అది. అలాంటిది, చూపులకి నాలుగు దినాల ముందు నుంచి తలుపేసి, కూతురి చేత ఆకు, వక్క, సున్నం, కాచు మూడు పూటలా నమిలించింది. మచ్చల మీద ఎరుపు ఎక్కింది. గార పళ్ళంటే రోగం. ఎర్రపళ్ళంటే అలవాటు. రోగం ఉన్న పిల్లని ఎవరూ చేసుకోరు. అలవాటున్న పిల్లని, కలిగినింటి పిల్ల, భోజనానంతరం తాంబూలం వేసుకునే ఇల్లు, అని చేసుకుంటారు. ఆ చుట్టుపక్కల ఎందరు తల్లులు ఎందరు కూతుళ్ళకి ఈ ఉపాయం నేర్పారో లెక్క లేదు. ఏ పుస్తకంలోనూ లేదు గనక డాక్టర్లకీ తెలియదు.

ఆ రెండోసారి వచ్చినవాళ్ళు రాఘవన్ తరపువాళ్ళు. రాఘవన్ తిమ్మమ్మకి మరిది. తిమ్మమ్మ కూడా ఆ చూపులకి పోయింది. పిల్ల నోరు విప్పగానే ఆమెకి తెలిసిపోయింది, ఎరుపు కింద ఏముందో. ఎందుకు తెలియదు? తిమ్మమ్మది పెన్నాగరం పక్క ఊరు. అక్కడి బావి ఇక్కడి బావికి ఏమీ తీసిపోదు. ఆమె పళ్ళు ఎర్రబడింది కూడా అదే ఉపాయంతో. ఒక దొంగని చూసి ఇంకో దొంగ తల తిప్పుకున్నట్టు తిమ్మమ్మ చూపు తిప్పుకుంది. ఇంటికొచ్చాక అత్త అడిగితే, పిల్ల బాగుంది, ఆకు వేసే అలవాటుంది, మంచి ఇల్లు అని చెప్పింది. ఆ ఒక్క మాటతో పెళ్ళి కుదిరింది.

రాఘవన్ పళ్ళు కూడా గారవే. ఆయన వాటిని ఆరుబయట పెట్టుకొని టీకొట్టు దగ్గర పకపకా నవ్వేవాడు. మగవాడి నోట్లో పళ్ళు ఎవరు చూశారు, కింద ఉన్న భూమి ఎన్ని ఎకరాలో చూశారు గానీ.

పెళ్ళయ్యాక యోగలక్ష్మి ఆకు మానలేదు. మానితే రంగు దిగిపోతుంది. దిగిపోతే దాచినదంతా బయటికి వస్తుంది. ఒకసారి మొదలుపెట్టిన అబద్ధాన్ని దినానికి మూడు పూటలా నమలాల్సిందే. కొడుకు లోకనాథన్ పుట్టిన ఏడు, పంటినొప్పితో తల పట్టుకొని కూర్చుంటే, తిమ్మమ్మే తన సంచిలోంచి పొగాకు కాడ తుంచి ఇచ్చింది. బుగ్గలో పెట్టుకో, నొప్పీ పోతుంది, రంగూ గట్టిగా పడుతుంది అంది. నొప్పి పోయింది. రంగు గట్టిగానే పడింది. ఆ రోజు నుంచి పొగాకు ముద్ద ఆమె ఎడమ బుగ్గలో కాపురం పెట్టింది. నిద్రపోయేటప్పుడు కూడా ఉండేది.

ఇంత చేసినా కొంగు మాత్రం దిగలేదు. ఎర్రపళ్ళు కూడా ఎవరికీ చూపించలేదు. దాయడం ఒకసారి చేతికి అలవాటైతే, ఏం దాస్తున్నామో చేతికి గుర్తుండదు. పెళ్ళిళ్ళకి పోతే మూల కూర్చునేది. ఫొటోలో పెదాలు బిగించుకొని ఉండేది. ఆడవాళ్ళు గుంపుగా కూర్చొని నవ్వుకునే చోట నుంచి ఏదో పని ఉన్నట్టు లేచిపోయేది. ఊరు ఆమెకి పేర్లు పెట్టింది. గర్విష్ఠి అన్నారు, నవ్వని మొగం అన్నారు, మన మధ్య కూర్చుంటే ఆమెకి తక్కువ అన్నారు. మొదట్లో ఆ మాటలకి ఏడ్చేది. తర్వాత తర్వాత, గార పళ్ళది అనిపించుకోవడం కంటే గర్విష్ఠి అనిపించుకోవడమే నయం అనుకుందేమో, ఆ పేరుకి తగినట్టే తయారయింది. నవ్వడానికి పళ్ళు కావాలి. తిట్టడానికి నాలుక చాలు. కొంగు చాటునుంచి కూడా తిట్టు బాగానే వినిపిస్తుంది. అట్లా నెమ్మదైన పిల్ల ఒకతె గయ్యాళి అయింది. పుట్టుకతో గయ్యాళి అని ఊరు తీర్పు చెప్పింది.

ఆమె మనసారా నవ్వడం తిమ్మమ్మ ఒక్కసారే చూసింది. రాఘవన్ పంచె అంచు ఎద్దు కొమ్ముకి చిక్కుకొని, ఎద్దు పరుగెత్తితే ఆయన వెనక పరుగెత్తిన రోజు. వీధి వీధంతా పొట్ట పట్టుకుంది. యోగలక్ష్మి గోడ వైపు తిరిగి నిలబడింది. వెనకనుంచి చూస్తే భుజాలు మాత్రమే కదిలాయి. ఏడుస్తోందనుకొని ఒక పిల్ల పోయి అవ్వా ఏమయింది అని అడిగింది.

రెండేళ్ళ కిందట ఆమె సంగటిలోకి కారం మానింది. నోరు మండుతోందట. వేడి చేసిందంది. మజ్జిగ పుక్కిలించింది, తేనె రాసింది, పళనియమ్మాళ్ అనే మంత్రగత్తె దగ్గర విభూతి పెట్టించుకుంది. బుగ్గ లోపల తెల్లగా మచ్చ, దాని మధ్యలో పుండు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కోడలు రంజని కనిపెట్టింది. అత్త సంగటి ముద్దను చిన్న చిన్న గోలీలు చేసి మింగడం చూసి, ఏమైంది అత్తా, నోరు తెరిచి చూపించు అంది. తెరవమన్న మాటకే యోగలక్ష్మి ఇంతెత్తు లేచింది. నా నోరు చూడడానికి నువ్వెవరివి అంది. రంజని పన్నెండో తరగతి దాకా చదివింది, ధర్మపురిలో బట్టలకొట్లో పనిచేస్తుంది. మాటకి మాట చెప్పే మనిషి కాదు, వదిలే మనిషీ కాదు. వారానికొకసారి అడుగుతూనే ఉంది.

కొన్ని నెలలకి ఊరి బడిలో వైద్యశిబిరం పెట్టారు. పళ్ళ డాక్టర్లు వచ్చారు. రంజని చెయ్యి పట్టుకొని లాక్కుపోయినంత పని చేసి అత్తను వరసలో నిలబెట్టింది. తిమ్మమ్మ కూడా వెనకే నిలబడింది. వరసంటే నాలుగు వీధుల ఆడవాళ్ళూ ఉన్నారు. ఒక కుర్చీ, ఒక దీపం, పిల్ల డాక్టరమ్మ ఒకతె. ఎవరు కూర్చుంటే వాళ్ళ నోట్లోకి మిగతా అందరూ తొంగిచూస్తున్నారు. దాని నోట్లో ఎన్ని ఊడాయో, దీనికి ఎన్ని పుచ్చాయో తిరునాళ్ళలో బొమ్మలు చూసినట్టు చూస్తున్నారు. పక్కన మైకులో ఇంకొకాయన, ఆకువక్క పొగాకు నమలడం తప్పు, తెలివితక్కువ పని, చదువులేని ఆడవాళ్ళే ఎక్కువ చేస్తున్నారు అని ఊదరగొడుతున్నాడు. ఎందుకు నములుతున్నారమ్మా అని మాత్రం మైకు అడగలేదు.

యోగలక్ష్మి వంతు వచ్చింది. డాక్టరమ్మ మంచిగానే, అమ్మా కొంగు తీయండి, పెద్దగా ఆ అనండి అంది. యోగలక్ష్మి కుర్చీలో కూర్చొని చుట్టూ చూసింది. గడ్డం పట్టుకొని నవ్వమన్న ముసలామె అక్కడెక్కడో ఉన్నట్టు చూసింది. లేచింది. వీధి దాటి ఇంటికి పోయింది.

ఆమెను పిలుచుకొస్తానని తిమ్మమ్మ కూడా వరస వదిలింది. పోయి తిట్టింది. ఆ డాక్టరు పిల్ల నిన్ను తింటుందా, చూపిస్తే నీ సొమ్మేం పోతుంది అంది.

"నువ్వు చూపించుకొని వచ్చినావా అక్కా?" అంది యోగలక్ష్మి.

తిమ్మమ్మ, నాకేం రోగం అంది. ఆ సాయంత్రం శిబిరం ఎత్తేసి బండి పోయేదాకా ఇద్దరూ వసారాలోనే కూర్చున్నారు, చెరొక బుగ్గలో ముద్ద పెట్టుకొని.

మరో ఎనిమిది నెలలు అట్లాగే పోయాయి. నోరు తెరుచుకోవడం మూడు వేళ్ళ వెడల్పు నుంచి రెండు వేళ్ళకి తగ్గింది. సంగటి మానేసి అంబలికి దిగింది. రంజని ఏడ్చింది. కొడుకు లోకనాథన్ అరిచాడు. రాఘవన్, అదేమన్నా చిన్నపిల్లా, నొప్పి ఉంటే అదే చెప్తుంది అన్నాడు. ఆమె కదల్లేదు. చావుకి భయపడని మనిషి పదిమందిలో నోరు తెరవడానికి భయపడింది. చెబితే నమ్మరు గానీ, సిగ్గు చావుకంటే పాతది. చిన్నప్పుడే వచ్చి లోపల కూర్చుంటుంది.

ఆమెను కదిలించింది మనవరాలు కీర్తిక. వాల్వు గుంత జగడం నాటికి రంజని కడుపులో ఉన్న పిల్ల. కావేరి నీళ్ళు తప్ప ఇంకో చుక్క గొంతు దిగకుండా యోగలక్ష్మి కాపలా కాసి పెంచిన పిల్ల. పక్కింట్లో దాహమేసినా తాగనిచ్చేది కాదు, సీసా మెడలో వేసి పంపేది. పదకొండేళ్ళు నిండాయి. పళ్ళు చూస్తే అప్పుడే పొట్టు తీసిన బియ్యం లాగా ఉంటాయి.

బడిలో గుర్తింపు కార్డుకి ఫొటో తీశారు. టీచరు రంజనికి ఫోన్ చేసి, మీ అమ్మాయికి పళ్ళ సమస్య ఏమైనా ఉందా, నాలుగుసార్లు తీసినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది, తరగతిలో కూడా నవ్వితే చెయ్యి పెట్టుకుంటుంది, మిగతా పిల్లలు ఎగతాళి చేస్తున్నారు అంది. రంజని ఇంటికొచ్చి, అత్త ముందే పిల్లను నిలబెట్టి అడిగింది. ఎందుకే చెయ్యి పెట్టుకుంటావు అంది.

"అవ్వ అట్లే కదమ్మా నవ్వుతుంది. పెద్దాడోళ్ళు అట్లే నవ్వాలేమో అనుకున్నాను" అంది కీర్తిక. దాని మొహంలో తప్పు చేశానన్న భావం కూడా లేదు.

రంజని అత్తను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. యోగలక్ష్మికి తిట్టు తిరిగి ఇవ్వడం తెలుసు, ఊరికే నిలబడి చూస్తున్న కోడలికి ఏం ఇవ్వాలో తెలియదు. నీళ్ళు మార్చింది. ఊరితో కొట్లాడి మార్చింది. నీళ్ళతో పోవాల్సింది పోలేదు. గార పట్టని నోటికి కూడా కొంగు నేర్పింది, తనే. పొద్దు వాలుతుండగా కోడలిని పిలిచి, రేపు నీకు పనికి సెలవు దొరుకుతుందా, ఆసుపత్రికి పోదాం అంది.

ధర్మపురిలో ఒక గదిలో, తలుపు వేసి, ఒక్క డాక్టరమ్మ ముందు కొంగు తీసింది. అరవై ఏళ్ళు రావొస్తున్న మనిషి, పెళ్ళిచూపుల పిల్లలా తల దించుకుంది. నోరు రెండు వేళ్ళు కూడా తెరుచుకోలేదు. డాక్టరమ్మ చిన్న దీపం వేసి చూసింది, చూస్తూ చూస్తూ మాట తగ్గించింది. ఎన్నేళ్ళుగా నములుతున్నారు అంది. నలభై దాటినాయి అంది. ఎందుకమ్మా అంది. ఆ ప్రశ్న కోసం నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన మనిషి, తీరా అడిగేసరికి ఏం చెప్పాలో తెలియక, ఊరికేనమ్మా అంది. డాక్టరమ్మ కాగితంలో ఒక గడిలో అలవాటు అని రాసుకుంది. బావి, ఇటుకపొడి, ముసలామె, తలుపేసుకున్న గది, తోడికోడలి పొగాకు కాడ, అన్నీ ఆ ఒక్క మాటలో సర్దుకున్నాయి.

పుండులోంచి ముక్క కోసి పరీక్షకి పంపించారు, క్యాన్సరని తేలింది. ఆమెను సేలం పెద్దాసుపత్రికి పంపించారు. ఎడమ దవడ సగం తీసేశారు. రేడియేషన్ కరెంటు పెట్టారు. కొన్ని నెలల ముందొచ్చి ఉన్నా ఇంత కోత ఉండేది కాదన్నారు. ఎనిమిది నెలల ముందు బడిలో కుర్చీ వేసి, దీపం పెట్టి, ఆమె కోసం ఎదురుచూసిన సంగతి వాళ్ళకి తెలియదు. తెలిసిన వాళ్ళు నోరు మూసుకున్నారు.

ఊరికి మాత్రం కారణం దొరికింది. ఎంతమందిని తిట్టిందో, ఆ నోటికే వచ్చింది చూడు అన్నారు. వాల్వు వీరన్ పెళ్ళాం అయితే, దేవుడు కరెక్టుగా ఎక్కడ కొట్టాలో అక్కడే కొడతాడు అందట. ఆ పెళ్ళాం బుగ్గలో కూడా ముద్ద ఉంది. రాఘవన్ ఒకరోజు మంచం పక్కన కూర్చొని, నిన్నెవరు దాచమన్నారు ఆ పళ్ళు, నేనేమన్నా ఒక్కసారైనా అన్నానా అని అడిగాడు. నిజమే, ఏమీ అనలేదు. చూస్తే కదా అనడానికి.

ఇంటికి తెచ్చాక ఆరు నెలలు నిలకడగానే ఉంది. ఆ తర్వాత మెడ పక్కన గడ్డ లేచింది. ఇంక కొయ్యడానికి లేదన్నారు. మొహం ఎడమ వైపు లోపలికి పోయి, మూతి వంకర తిరిగి, మాటలో సగం అక్షరాలు రాలిపోయాయి. ఇప్పుడు కొంగు అడ్డం పెట్టుకోవడం లేదు. ముక్కులోంచి గొట్టం వేస్తే కొంగు నిలవదు. చూడ్డానికి వచ్చినవాళ్ళే కొంగు తమ నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు.

సగం రాలిన ఆమె మాట తిమ్మమ్మకి అర్థమైనంతగా ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు. అందుకని రోజూ పొద్దున పోయి కూర్చుంటుంది. ఊరి కబుర్లు చెబుతుంది, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో చెబుతుంది. యోగలక్ష్మి కళ్ళతో వింటుంది. పాత రోజుల్లో కలిసి చేసిన తప్పుల గురించి మాత్రం ఇద్దరూ ఎత్తరు. పొగాకు కాడ ఎవరిచ్చారన్నది ఇద్దరికీ తెలుసు. తెలిసిన సంగతిని మాట్లాడితే బరువు తగ్గుతుందంటారు చదువుకున్నవాళ్ళు. ఆ ఇద్దరి విషయంలో అది నిజమో కాదో చూసే ధైర్యం తిమ్మమ్మకి లేదు.

మొన్న ఆదివారం పొద్దున రంజని పనికి పోయే హడావిడి లేకుండా ఇద్దరు ముసలివాళ్ళకీ వడ్డించింది. యోగలక్ష్మికి గొట్టంలో అంబలి పోసింది. తిమ్మమ్మకి పళ్ళెంలో సంగటి, పక్కన నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. తిమ్మమ్మ ఊరగాయను వేలితో పళ్ళెం అంచుకి తోసింది. సంగటి చిన్న చిన్న గోలీలు చేసి, కుడి వైపు వేసుకొని మింగింది. నీళ్ళు తాగింది. తల ఎత్తేసరికి యోగలక్ష్మి ఆమెనే చూస్తోంది.

ఊరగాయ వద్దా అని రంజని అడిగింది. పుల్లగా ఉంది అంది తిమ్మమ్మ. నాకిపుడు వయసయింది, కారాలు పడవు అంది. అడగనిదానికి కూడా జవాబు చెప్పిందని ఆమెకే తెలిసింది.

యోగలక్ష్మి కోడలి వైపు చెయ్యి చాపింది. ఫోను కావాలని సైగ చేసింది. రంజని ఇచ్చింది. దీపం వెయ్యమని సైగ చేసింది, రంజని వేసి ఇచ్చింది. ఆ వెలుతురు చేత్తో పట్టుకొని, మంచం మీద కొంచెం పైకి జరిగి, రాలిపోయిన అక్షరాలతోనే మాట్లాడింది. రంజనికి అర్థం కాలేదు. తిమ్మమ్మకి ప్రతి ముక్కా అర్థమైంది.

"నోరు తెరువక్కా."

తిమ్మమ్మ, నాకేమయింది, ముందు నీది నువ్వు చూసుకో అంది. డెబ్భై రెండేళ్ళు వచ్చినాయి, ఇంక చూసి ఏం చేస్తావు అంది. రంజని వంక చూసి, నీ అత్తకి మతి పోయింది, ఫోను తీసుకో అంది. రంజని తీసుకోలేదు. వాకిట్లో కీర్తిక బట్టలు ఆరవేస్తోంది, దానికి వినిపిస్తుందని తిమ్మమ్మ గొంతు తగ్గించింది. ఆ గొంతు తగ్గించడం చూసి యోగలక్ష్మి కళ్ళు మూసి తెరిచింది. ఆమెకి విసుగు వచ్చినప్పుడు ఎప్పుడూ అట్లాగే చేస్తుంది.

వెలుతురు మాత్రం తిమ్మమ్మ మొహం మీద నుంచి తియ్యలేదు.

"నాకిప్పుడు చూపించకపోతే పోనీలే. రంజని పొద్దున్నే పనికి పోతాది కదా, దాంతో బస్సెక్కు. ఆ డాక్టరమ్మ దగ్గర గదికి తలుపుంటాది, ఎవురూ తొంగి చూడరు. ఎందుకు నమిలినావని అడిగితే, నా మాదిరి ఊరికే అనొద్దు, అంతా చెప్పు. నేను పోయినంక పోతానంటావు, నాకు తెలుసు నిన్ను, పోవు. నేను ఉండంగానే పోయి రా."